సున్నం పెట్టిన రాళ్ళు

తోట మేనేజరు స్కీట్ దొర గుర్రం దిగడం ఆ కూలీల ఇళ్ళ వరసలో ఎవరూ చూసి ఎరగరు. ఏం చెప్పాలన్నా జీను మీంచే చెబుతాడు, వినేవాళ్ళు తలెత్తుకుని వినాలి. ఆ మంగళవారం సాయంత్రం మాత్రం దిగాడు. కళ్ళెం గుమాస్తా చేతికిచ్చి, డ్రూసిల్లా ఇంటి ముందు గొంతుక్కూర్చుని, గోడ కింద రాళ్ళ సందులో కొరడా కొనతో గీకాడు. తెల్లటి పొడి రాలింది. దాన్ని వేలికి రాసుకుని చూసుకున్నాడు.

"సున్నం," అన్నాడు గుమాస్తాతో, దొంగసొత్తు దొరికినట్టు.

డ్రూసిల్లా అప్పుడే చెరుకు కోత నుంచి వచ్చింది. కాళ్ళకి చుట్టుకున్న గోనెపట్టాలు ఇంకా విప్పలేదు. నరుకుడు కత్తి చంకలోనే ఉంది. మౌంట్ ప్రాస్పర్ తోటలో ఆడకూలీల ముఠాకి ముందు నడిచేది ఆవిడే. ఆవిడ వంగితే మిగతావాళ్ళు వంగుతారు, ఆవిడ నడుం ఎత్తితే వాళ్ళూ ఎత్తుతారు.

"సున్నమే దొరా. కిందటి వానలకి నీళ్ళు గదిలోకొచ్చినాయి. సందులు మూసుకున్నాను."

"శనివారం మధ్యాహ్నం పనిలోకి రాలేదు నువ్వు."

"కిటికీలు పెట్టించుకున్నాను. మా అన్నయ్య కత్‌బర్ట్‌కి ఆ పూటే తీరింది."

స్కీట్ లేచి నిలబడి కిటికీల కేసి చూశాడు. గుమ్మానికి అటొకటి, ఇటొకటి. వాలు పలకలు వరసగా పేర్చినవి, కింద కర్ర తిప్పితే అన్నీ కలిసి తెరుచుకుంటాయి, కలిసి మూసుకుంటాయి. ఒక్కో కిటికీ మీద ఒక్కో చెక్క గొడుగు. గొడుగు అంచంతా కత్‌బర్ట్ రంపంతో అలలు అలలుగా కోశాడు. కోసి, ఆకుపచ్చ రంగు వేశాడు.

"మా గుమాస్తా ఇంటికి కూడా లేవు ఇలాంటివి," అన్నాడు స్కీట్.

గుమాస్తా గుర్రం చెవి కేసి చూస్తూ నిలబడ్డాడు.

"నీ కిటికీలు చూసి పక్కింటి యూఫీమియా కూడా పెట్టించుకుంటానంటోందట. దాన్ని చూసి ఇంకొకడు అప్పుడే కిటికీ పలకలు కొన్నాడట. ఇవాళ కిటికీ, రేపు వరండా. ఈ వరసంతా దొరసానుల్లా నీడన కూర్చుంటే నా చెరుకెవరు నరుకుతారు? శనివారానికి స్థలం ఖాళీ చెయ్యి."

ఈ మాట ఏదో ఒక రోజు వినాల్సి వస్తుందని ఆ వరసలో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. మా బార్బడోస్ ఇళ్ళు చూసి ఓడల్లో వచ్చిన తెల్లవాళ్ళు తెగ ముచ్చట పడతారు. బొమ్మరిల్లులా ఉందంటారు. నిటారు కప్పు, మధ్యలో గుమ్మం, చక్కటి కొలత అంటారు. అలా ఎందుకుందో అడిగినవాణ్ణి నేను చూడలేదు. పొమ్మంటే ఒక్క పూటలో విప్పుకుని బండి మీద వేసుకుపోవడానికి అలా ఉంది. గోడకి గోడ విడిగా వస్తుంది, మూలమూలకీ చీలలు పీకితే చాలు. కిటికీ గొడుగు కూడా కొక్కేలకి తగిలించేదే. మా ఇళ్ళలో అందమైనా సరే ఊడి రావాలి. ఇంటిని రాళ్ళ మీద ఊరికే కూర్చోబెట్టేది కూడా అందుకే. నేల దొరది, ఇల్లు మాది, ఇల్లు నేలని పట్టుకోకూడదు. ఈ కట్టుబడిలో మా తాతల పనితనం ఎంతుందో దొరల దాష్టీకం అంతుంది.

"సరే," అంది డ్రూసిల్లా. "శనివారం విప్పుకుని పోతాను."

"నువ్వు పో. ఇల్లు పోదు."

ఆవిడకి అర్థం కాలేదు. స్కీట్ గుర్రమెక్కాడు. ఎక్కాక మళ్ళీ మామూలు మనిషయ్యాడు, తలెత్తి చూడాల్సిన మనిషి.

"రాళ్ళ మీద ఊరికే పెట్టుకున్న ఇల్లు నీ సామాను. నువ్వు దీన్ని సున్నంతో నేలకి అంటించావు. నేలకి అంటుకున్నది నేలదే. నేల ఎవరిది?"

డ్రూసిల్లా గోడ కింద రాళ్ళ కేసి చూసింది.

"సున్నం పెట్టమని నేనేం చెప్పలేదే," అన్నాడు. ఆవిడ చంకలో కత్తి ఉన్న సంగతి అప్పుడే గుర్తొచ్చిందేమో, కాస్త తొందరగానే గుర్రాన్ని తిప్పాడు.

పక్కింటి యూఫీమియా చేతిలో చేపలు తోముతున్న గిన్నెతోనే బయటికొచ్చింది. ఇద్దరూ ఒకే ముఠా. డ్రూసిల్లా నరికితే వెనకాల మోపు కట్టేది యూఫీమియా.

"ఏమంటాడక్కా?"

డ్రూసిల్లా చెప్పింది. చెబుతుండగానే యూఫీమియా చూపు పక్కకి జారి తన సొంత ఇంటి అడుగున ఆగడం ఆవిడ గమనించింది. సున్నం కూడా డ్రూసిల్లాని చూసే పెట్టారు. ఆ వరసలో సగం ఇళ్ళ రాళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి.

"చేపలు ఎండిపోతాయి, వెళ్ళు," అంది డ్రూసిల్లా.

చీకటి పడేలోగా కత్‌బర్ట్ వచ్చాడు. ఆవిడకి పెద్దమ్మ కొడుకు, వడ్రంగి, ఆ చుట్టుపక్కల ఇళ్ళన్నీ వాడి చేతి మీదుగా ఒకసారైనా విప్పి కట్టినవే. వస్తూనే ఇంటి చుట్టూ తిరిగి, మోకాళ్ళ మీద వంగి చూసి, మెట్టు మీద కూలబడ్డాడు.

"రాళ్ళ సందులు మూయొద్దని చెప్పలా నీకు?"

"చెప్పావు."

"పది మంది చెప్పారు. మీ అమ్మ బతికుంటే జుట్టు పట్టుకుని చెప్పేది. అయినా సున్నం పెట్టాలని ఎందుకనిపించింది తల్లీ నీకు?"

డ్రూసిల్లా గోనెపట్టాల తాళ్ళు విప్పుతోంది. ముళ్ళు బిగిసిపోయి రావడం లేదు.

"నేల పలకల కింద గాలి తిరుగుతుంటే నిద్ర పట్టదు అన్నయ్యా. ఇల్లు ఇప్పుడే ఎటో బయల్దేరుతున్నట్టు ఉంటుంది. పుట్టిన కాడ్నుంచీ అదే చప్పుడు. ఒక్క ఏడు ఆ చప్పుడు లేకుండా పడుకుందామనుకున్నా. తప్పా?"

కత్‌బర్ట్ మెట్టు పక్క అడుగు దుంగ కింద వేలు పెట్టి చూశాడు. "సున్నం రాళ్ళకే ఉంది. ఇంటికీ రాళ్ళకీ మధ్య ఒక్క మేకు లేదు. అడుగు దుంగలు ఊరికే ఆనుకుని ఉన్నాయి. ఎత్తితే లేస్తుంది," అన్నాడు.

"ఆ మాట దొరకి చెప్పు."

"దొరకి తెలీకనా?"

అదే ఆవిడకి ఒళ్ళు మండించింది. తెలియక అన్నవాడికైతే తెలియజెప్పవచ్చు. తెలిసీ అన్నవాణ్ణి ఏం చేస్తారు? ఆ రాత్రి ఆవిడ అన్నం ముట్టలేదు. సున్నం కలిపిన చేతులు తనవే కదా అని వాటి మీద కూడా కోపం వచ్చింది.

బుధవారం పొద్దు వాలాక పొయ్యి రాజేస్తుంటే ఒక చప్పుడు వినబడింది. కర్ర్ కర్ర్ మని, ఇనుము రాతి మీద రాసుకుంటున్న చప్పుడు. పందికొక్కేమో అనుకుంది. చప్పుడు రెండో వైపు నుంచి కూడా మొదలైంది. పొయ్యి వదిలి గుమ్మంలోకొచ్చి చూసింది.

యూఫీమియా తన ఇంటి ముందు బోర్లా పడుకున్నట్టు వంగి, పాత కత్తి ముక్కతో రాళ్ళ సందుల్లో సున్నం గీకుతోంది. అవతలింట్లో ముసలి నథానియల్ మోకాలు మడవలేక కాలు చాపుకుని కూర్చుని ఉలితో గీకుతున్నాడు. ఆ పక్కన ఇంకొకరు. సున్నం పెట్టిన ప్రతి ఇంటి ముందూ ఒక వంగిన నడుం. ఎవరూ ఎవరి కేసీ చూడటం లేదు. డ్రూసిల్లా కేసి అసలే చూడలేదు.

దొర డ్రూసిల్లా ఇంటిని పట్టుకున్నాడు, మన ఇల్లు దొరక్కూడదు. అంతే సంగతి. నిన్న మొహం చాటేసి, ఇవాళ అంతా కలిసి మూతులు తుడుచుకుంటున్నారు. వీళ్ళ కోసమా తను ముందు నడిచి చెరుకు ఆకు మొహాన కొట్టించుకున్నది? వీళ్ళ పిల్లలకి జ్వరమొస్తే రాత్రిళ్ళు కూర్చున్నది?

"గట్టిగా గీకు యూఫీమియా," అంది, వరసంతా వినబడేలా. "ఇంకా తెల్లగానే ఉంది. దొర కళ్ళు మంచివి."

యూఫీమియా చెయ్యి ఆగింది. "కోపమొచ్చిందా అక్కా?"

"నాకెందుకమ్మా కోపం. నీ రాళ్ళు, నీ కత్తి."

"పిల్లలున్నారు నాకు."

"ఉన్నారు. నేను పాలిచ్చానుగా నీ పెద్దదానికి, నాకు తెలీదా?"

యూఫీమియా తల ఎత్తకుండా మళ్ళీ గీకడం మొదలుపెట్టింది. డ్రూసిల్లా లోపలికి పోయి కొత్త కిటికీల పలకలు మూసేసింది. పలకలు ఎంత బాగా కలిసినా చప్పుడు ఆగలేదు.

గురువారం పని నుంచి అటే కొండ దాటి చెల్లెలు లియొట్టా ఇంటికి వెళ్ళింది. లియొట్టా మొగుడు పనామాలో కాలవ తవ్వి, అక్కడి జ్వరాన్ని తట్టుకుని తిరిగొచ్చి, దివాలా తీసిన తోట ముక్కలమ్ముతుంటే చిన్న నేల చెక్క కొన్నాడు. మట్టి తక్కువ, రాయి ఎక్కువ. కానీ పొమ్మనేవాడు లేడు.

"మేకల దొడ్డి తీసేస్తే నీ ఇల్లు పడుతుంది," అంది లియొట్టా. "తీసుకొచ్చెయ్."

"ఇవ్వనంటున్నాడుగా."

"ఇచ్చేదేంటి? ఇల్లు వాడిదా?" లియొట్టా చిలగడదుంప ఒలవడం ఆపింది. "వదిలేసి వచ్చావంటే నిన్ను గడప తొక్కనివ్వను, చెబుతున్నా. ఆ పలకలు అమ్మ కొన్నవి. నువ్వు వదిలితే వాడు మేకుల్తో సహా మింగుతాడు, ఆ తర్వాత ప్రతి తోటలోనూ ప్రతి మేనేజరూ రాళ్ళు గీకి చూడటం మొదలుపెడతాడు."

శుక్రవారం మధ్యాహ్నం చేను గట్టు మీద అందరూ తింటుంటే స్కీట్ వచ్చాడు. గుర్రం దిగలేదు.

"రేపు డ్రూసిల్లా స్థలం ఖాళీ చేస్తుంది. ఇల్లు తోటది. ఆ ఇంటి పలక మీద ఎవరి చెయ్యి పడినా, వాళ్ళు కూడా ఇల్లొదిలి పోవాల్సిందే. రేపు పూర్తి పని దినం. మిల్లు ఆగకూడదు."

నథానియల్ ఉప్పుచేప ముక్క నోట్లో పెట్టుకుని నమలకుండా కూర్చున్నాడు. డ్రూసిల్లా ఒక్కొక్కరి మొహం కేసీ చూసింది. తలలన్నీ గిన్నెల్లోనే ఉన్నాయి. ఆ మధ్యాహ్నం ఆవిడ నరికిన చెరుకుకి లెక్కలేదు. వెనకాల మోపు కట్టలేక యూఫీమియా రొప్పింది, ఆవిడ ఆగలేదు.

శనివారం తెల్లవారకముందే ఆవిడ పెద్ద కుండ పొయ్యి మీద పెట్టింది. ఇల్లు విప్పే రోజు ఇంటివాళ్ళు ఊరికి అన్నం పెట్టాలి. అది ఆచారం. పొమ్మన్నది దొరైనా పెట్టేది మాత్రం పోయేవాడే. బెండకాయలు ఉడికించి, ఆ జిగురు నీళ్ళలో మొక్కజొన్న పిండి పోసి, తెడ్డుతో సంకటి తిప్పింది. ఉప్పుచేపల పులుసు చేసింది. పది పదిహేను మందికి సరిపడా చేసింది. ఎవరూ రారని తెలుసు. తెలిసే చేసింది, రాలేదన్న పాపం వాళ్ళది కావాలి గాని వండలేదన్న మాట తనకి రాకూడదు.

కత్‌బర్ట్ ఒక్కడే వచ్చాడు, గడ్డపార, మేకులు పీకే సుత్తి, తాళ్ళ చుట్టతో. వాడి ఇల్లు తోట నేల మీద లేదు, అందుకని ధైర్యం అనుకోకండి. వాడికి పనిచ్చేది కూడా ఆ తోటే. కంచరగాడిద బండి తెచ్చి సీమపనస చెట్టు కింద కట్టాడు. కుండ మూత తీసి చూసి, మళ్ళీ మూశాడు.

"మనిద్దరికి ఇంతా?"

"మిగిలితే గాడిద తింటుంది."

మొదట కిటికీ గొడుగులు దించారు. కొక్కేల మీంచి ఎత్తితే వచ్చేశాయి. తర్వాత పలకల కిటికీలు. వాటిని డ్రూసిల్లా దుప్పట్లో చుట్టి బండిలో పెట్టింది. పెట్టి వారమైనా కాలేదు, రంగు వాసన కూడా పోలేదు. తలుపు ఊడదీశాక కత్‌బర్ట్ కప్పెక్కాడు. వెనకే ఆవిడ కూడా లంగా దోపుకుని నిచ్చెనెక్కింది. రేకు చివర గడ్డపార పెట్టి తోస్తే మేకు కీచుమని లేచేది. లేచిన మేకునల్లా ఆవిడ నోట్లో పెట్టుకుంది. ఒక్కటి కూడా దొరకి వదలదలుచుకోలేదు.

పని గంట మోగింది. ఇవాళ ముఠా ముందు ఎవరు నడుస్తారో అనుకుంటూ ఆవిడ చేల దారి కేసి చూసింది. దారి ఖాళీగా ఉంది.

రెండో రేకు ఊడదీసేటప్పుడు ఇంకో కీచుమన్న చప్పుడు వినబడింది. అప్పుడు వాళ్ళ గడ్డపార ఆగే ఉంది. డ్రూసిల్లా పక్కకి తిరిగి చూసింది. యూఫీమియా తన ఇంటి కప్పు మీద ఉంది. లంగా దోపుకుని, ఒక్కత్తే, మొగుడి సుత్తితో రేకు పీకుతోంది. ఆమె అవతల నథానియల్ ఇంటి మీద కొడుకులిద్దరూ ఎక్కి ఉన్నారు, కింద ముసలాడు రేకులందుకుంటున్నాడు. ఆ అవతలి ఇంటి నడికొప్పు అప్పటికే బోసిగా ఉంది. వరస పొడుగునా, కప్పు మీంచి చూస్తే, వాసాలు బయటపడుతూ కనిపించాయి.

డ్రూసిల్లా నోట్లో మేకులున్నాయి, మాట్లాడటానికి లేదు. ఒక్కొక్కటే అరచేతిలోకి ఉమ్మేసింది.

"ఏం చేస్తన్నావే?"

"కనబడట్లా?" యూఫీమియా వెనక్కి తిరగలేదు. "నీ పలక మీద చెయ్యెయ్యొద్దన్నాడు. వెయ్యలేదు. నా రేకు నేను పీక్కుంటున్నా."

"బుధవారం దాక్కుని గీకావుగా."

"భయానికే గీకా. అబద్ధమెందుకు చెప్పాలి." ఇంకో మేకు లేచింది. "గీకి గీకి రాళ్ళన్నీ ఊడొచ్చినాక, చీకట్లో కూర్చుని చూసుకున్నా. ఇల్లు మళ్ళీ ఊరికే కూర్చుని ఉంది. పొమ్మంటే పోవడానికి రెడీగా. వాడు పొమ్మంటేనే ఎందుకు పోవాలి అనిపించింది. నిన్న గట్టు మీద నువ్వు మా మొహాలు చూశావే, ఆ చూపుకి రాత్రి నాకు ముద్ద దిగలా. నథానియల్ బాబాయింటికి పోయి చెప్పా. ఆయన కూడా మింగలేక కూర్చునున్నాడు."

డ్రూసిల్లాకి ఏడుపొచ్చింది, ఏడుపు కన్నా ముందు కోపమొచ్చింది. "చెప్పి చావొచ్చుగా నాకు. కుండెడు సంకటి ఏడుస్తూ తిప్పాను."

"నువ్వు కిటికీలు మూసుకుంటివి."

కప్పు మీద పక్కనే ఉన్న కత్‌బర్ట్ నవ్వాడు. ఆ వారంలో ఆ వరసలో వినబడిన మొదటి నవ్వు అదే.

స్కీట్ వచ్చేసరికి ఎండ ఎక్కింది. మిల్లు పొగగొట్టం పొద్దుట్నుంచీ పొగ వదులుతూనే ఉంది, గానుగలోకి చెరుకు లేదు. నిన్న నరికినదంతా గట్ల మీద పడి ఉంది. నరికిన చెరుకు ఎండలో పడుంటే ఏమవుతుందో చెప్పడానికి మేనేజరు అక్కర్లేదు. గుర్రాన్ని పరిగెత్తించుకుంటూ వచ్చినవాడు వరస మొదట్లోనే ఆగిపోయాడు. ఒక్క ఇంటికీ పూర్తి కప్పు లేదు.

"ఏమిటిది? గంట వినబడలేదా?"

"వినబడింది దొరా," అన్నాడు నథానియల్, రేకు మీద రేకు పేరుస్తూ. "మా గంట కూడా అదే."

"ఒక్కొక్కర్నీ బయటికి గెంటిస్తాను. ఒక్కడు ఉండడు ఈ నేల మీద."

"పోతన్నాం గదా. పోతున్నోణ్ణి పొమ్మంటారేంటి?"

ఎక్కడో ఎవరో కిసుక్కుమన్నారు. స్కీట్ మెడ ఎర్రబడింది. పోలీసుల్ని పిలిపిస్తానన్నాడు. పిలిపించండి, వాళ్ళొచ్చే లోపల చెరుకు పులుస్తుంది, వాళ్ళకి కూడా ఒక గ్లాసు పోద్దురు అన్నాడు నథానియల్. నవ్వు ఈసారి దాచుకోలేదు ఎవరూ.

స్కీట్ నవ్వుతున్న మొహాల కేసి చూశాడు. పొగగొట్టం కేసి చూశాడు. తర్వాత గుర్రాన్ని మెల్లగా నడిపించుకుంటూ డ్రూసిల్లా ఇంటి ముందుకి వచ్చాడు. ఆవిడ నడికొప్పు వాసం మీద అటో కాలు ఇటో కాలు వేసుకుని కూర్చుని ఉంది. మాట్లాడాలంటే అతనే తలెత్తాల్సి వచ్చింది.

"డ్రూసిల్లా. ఇంత దూరం ఎందుకు తెచ్చావు? ఉండొద్దని ఎవరన్నారు? శనివారం పని ఎగ్గొట్టావని కోప్పడ్డాను. పెద్దవాణ్ణి ఒక మాటంటే పడవా?"

"ఇల్లెవరిది దొరా?"

"ఇప్పుడా గొడవెందుకు?"

"ఇల్లెవరిది?"

మిల్లు వైపు నుంచి ఎవరో మనిషి పరిగెత్తుకొస్తూ చేతులూపుతున్నాడు. స్కీట్ అటు చూసి ఇటు తిరిగాడు.

"నీదే."

"నాకు వినబడితే చాలదు. వాళ్ళకి వినబడాలి."

అతను జీను మీద కదిలాడు. పళ్ళు బిగించి, గొంతు పెంచి అన్నాడు. "ఇల్లు డ్రూసిల్లాది. ఎవరి ఇల్లు వాళ్ళది. చాలా? ఇక రేకులు కొట్టుకుని పనిలోకి రండి."

వరసలో సుత్తులన్నీ ఆగాయి. అందరూ ఆవిడ కేసి చూస్తున్నారు. ఆవిడ దిగొచ్చింది. ముందే దిగిన కత్‌బర్ట్ ఆవిడ కోసం నిచ్చెన పట్టుకున్నాడు. కింద కాలు పెట్టాక స్కీట్ గుర్రం ముందు నిలబడింది.

"మీరు నోటితో ఇచ్చింది నోటితోనే తీసుకుంటారు. నేను పోతున్నాను."

"ఇల్లు నీదన్నాను కదా."

"అందుకే తీసుకుపోతున్నా. రాళ్ళు మీకే వదిలేస్తున్నాను. అంటుకున్నవి కదా, మీవే."

అందరికీ పోయే చోటు లేదన్న సంగతి స్కీట్‌కీ తెలుసు, వాళ్ళకీ తెలుసు. నథానియల్ మోకాలు కొండ దాటదు. యూఫీమియా మొగుడు ఓడ మీద ఉన్నాడు, పిల్లలతో ఎక్కడికి పోతుంది? ఇద్దరు ముగ్గురు మాత్రం డ్రూసిల్లా వెంట వస్తామన్నారు, లియొట్టా వాళ్ళ పక్క చెక్క ఖాళీగా ఉందని విన్నారు. మిగతావాళ్ళు రేకులు మళ్ళీ పైకి చేర్చడం మొదలుపెట్టారు. స్కీట్ మొహం కాస్త తేటపడింది.

"ఆ, త్వరగా మేకులు కొట్టండి."

"మేకులు కొట్టం దొరా," అంది యూఫీమియా. కప్పు మీంచి తాడు చివర కిందికి వదిలింది, నథానియల్ కొడుకు దాన్ని అడుగు దుంగకి చుట్టి ముడేశాడు. "తాళ్ళు కట్టుకుంటాం. వానాకాలం ఇంకా దూరముందిగా. మూల చీలలు కూడా పక్కన పెట్టాం. మళ్ళీ ఎప్పుడైనా మీకు కోపమొస్తే మాకు తేలికవుతుంది."

స్కీట్ ఆ తాడు కేసి చాలాసేపు చూశాడు. తర్వాత పక్కింటి తాడు కేసి. గుర్రాన్ని మిల్లు వైపు తిప్పాడు.

అతను కనుమరుగయ్యాక అందరూ వచ్చారు. డ్రూసిల్లా గోడల మీద చేతులేశారు, నాలుగు గోడలూ విడిపోయాయి, తలా ఒక కొస పట్టుకుని బండికెత్తారు. తర్వాత కుండ చుట్టూ కూర్చున్నారు. సంకటి చల్లారి బిగిసిపోయింది, కత్తితో కోసుకుని పులుసులో ముంచుకుని తిన్నారు. ఉప్పెక్కువైందన్నాడు నథానియల్. తిన్నంత తిని అంటావేం అంది డ్రూసిల్లా. యూఫీమియా గిన్నెలో ఆవిడే రెండోసారి పులుసు పోసింది, మాట్లాడకుండా. చెరుకు నరకడానికి ఆ రోజు వాళ్ళు తిన్నాకే వెళ్ళారు.

మరుసటి వారం ఆదివారం చర్చి అయ్యాక యూఫీమియా కొండ దాటి వచ్చింది, పెద్దదాన్ని వెంటపెట్టుకుని. డ్రూసిల్లా ఇల్లు మేకల దొడ్డి స్థలంలో లేచి నిలబడింది. వెనక గోడకి కత్‌బర్ట్ ఇంకా పలకలు బిగిస్తున్నాడు. ఇద్దరూ మెట్టు మీద కూర్చున్నారు.

"ముఠా ముందు ఎవరు నడుస్తున్నారే?"

"నేనే. నడుం పోతోంది." యూఫీమియా టోపీ తీసి విసురుకుంది. "ఒక సంగతి చెప్పనా అక్కా. ఇప్పుడు స్కీట్ దొర గంట కన్నా ముందే లేస్తన్నాడంట. వంటమనిషి చెప్పింది. లేచి కాఫీ అయినా తాగకుండా వరండాలోకొచ్చి మన ఇళ్ళ వరస కేసి చూస్తాడంట. అన్నీ ఉన్నాయా లేవా అని. అన్నీ ఉన్నాయని చూసుకున్నాకే లోపలికి పోతాడంట."

డ్రూసిల్లా వెంటనే నవ్వలేదు. ఆవిడ కోపం అంత తొందరగా పోయే రకం కాదు.

"చూడనీ," అంది. "పుట్టిన కాడ్నుంచీ మనం పొద్దున్నే లేచి చూసుకున్నదీ అదేగా."